మెట్ మ్యూజియం అరువు తెచ్చుకున్న బొమ్మలు

నల్లజాతి చిత్రకారులకు మంచి రోజులొచ్చాయని మన దేశపు ఆర్ట్ పత్రికలూ యూనివర్సిటీ సెమినార్లూ కొన్నేళ్లుగా సంబరపడుతున్నాయి. కెర్రీ జేమ్స్ మార్షల్ బొమ్మ రెండు కోట్ల డాలర్లు దాటి అమ్ముడుపోయింది. లుబైనా హిమిద్‌కి టర్నర్ బహుమతి వచ్చింది. గోనెసంచులు కుట్టి భవనాలకు కప్పే ఘనా కళాకారుడు ఇబ్రహీం మహామా, లండన్ పత్రిక ఆర్ట్‌రివ్యూ ఏటా వేసే పలుకుబడి జాబితాలో 2025లో మొదటి స్థానానికి చేరాడు. ఇవన్నీ నిజాలే. సంబరపడటంలో తప్పేమీ లేదు. నా పేచీ ఈ నిజాలను కలిపి అల్లుతున్న కథతోనే.

పెద్ద మ్యూజియాలు ఒకప్పుడు తప్పు చేశాయట. తర్వాత కళ్లు తెరిచాయట. తలుపులు తీశాయట, ప్రతిభ ఉన్నవాళ్లు లోపలికి వచ్చారట. వినడానికి బాగానే ఉంది. కానీ ఫైన్ ఆర్ట్స్ చదివే దళిత విద్యార్థికి ఈ కథ చాటుగా ఒక సలహా ఇస్తుంది: ఓపిక పట్టు, బాగా గీయి, ఏదో ఒకరోజు నీ వంతూ వస్తుంది. ఈ సలహాను మన పిల్లలు నమ్మకూడదు. తలుపులు మూసి ఉన్న అన్నేళ్లూ ఆ బొమ్మలను ఎవరు దాచారు, ఎక్కడ దాచారు, ఏ డబ్బుతో దాచారు? ఈ ప్రశ్న వేస్తే కథ తలకిందులవుతుంది.

2024 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం హార్లెమ్ రినైజాన్స్ మీద పెద్ద ప్రదర్శన పెట్టింది. పెయింటింగులు, శిల్పాలు, ఫొటోలు కలిపి దాదాపు 160. క్యూరేటర్ డెనీస్ మరెల్ ఎంతో శ్రమపడి చేసిన పని అది, ఆమెను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ బొమ్మల కింది చీటీల మీద ఎవరి పేర్లున్నాయో చూడండి. వాషింగ్టన్‌లోని హోవర్డ్ యూనివర్సిటీ, నాష్‌విల్‌లోని ఫిస్క్ యూనివర్సిటీ, వర్జీనియాలోని హాంప్టన్, క్లార్క్ అట్లాంటా. అన్నీ నల్లజాతి విద్యార్థుల కోసం పుట్టిన విద్యాసంస్థలే. మెట్ గుమ్మం దిగి ఉత్తరానికి కాసేపు నడిస్తే హార్లెమ్ వస్తుంది. ప్రపంచంలోని అతి సంపన్న మ్యూజియాల్లో ఒకటి, తన పక్క పేటలో పుట్టిన కళను తన గోడ మీద పెట్టుకోవడానికి, వందల మైళ్ల దూరంలోని నల్లజాతి కాలేజీల గడపకు వెళ్లి బొమ్మలు అరువు అడగాల్సి వచ్చింది. తాను కొనాల్సిన కాలంలో సరిగా కొనలేదు కనుక.

ఇదే మెట్ 1969 జనవరిలో 'హార్లెమ్ ఆన్ మై మైండ్' అని ఒక ప్రదర్శన పెట్టింది. నిలువెత్తు ఫొటోలు, తెరల మీద నడిచే బొమ్మలు, వీధి చప్పుళ్ల రికార్డింగులు. అప్పటికి హార్లెమ్‌లో బతికి పనిచేస్తున్న చిత్రకారుల పెయింటింగ్ ఒక్కటీ లేదు, శిల్పం ఒక్కటీ లేదు. నల్లవాళ్లు చూడదగ్గ దృశ్యమట గానీ, దృశ్యాన్ని తయారు చేసేవాళ్లు కారట. బెన్నీ ఆండ్రూస్ తదితరులు బ్లాక్ ఎమర్జెన్సీ కల్చరల్ కొయలిషన్ పేరుతో మ్యూజియం ముందు ప్లకార్డులు పట్టుకుని తిరిగారు. అప్పటికే, 1968లో, హార్లెమ్‌లో అద్దెకు తీసుకున్న మేడ మీద స్టూడియో మ్యూజియం మొదలైంది. 1969 నుంచి 2024 దాకా 55 ఏళ్లు. ఈ 55 ఏళ్లలో మెట్ మారిన మాట నిజమే. మారడానికి ఒక కారణం బయటి నుంచి పడిన ఒత్తిడి. మారాక చూపించడానికి ఏదో ఒకటి ఉండటానికి కారణం మాత్రం ఆ కాలేజీలు.

వాటి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. హెన్రీ ఒస్సావా టానర్ 1893లో గీసిన 'ది బాంజో లెసన్', ముసలాయన పిల్లవాడికి బాంజో నేర్పే ఆ బొమ్మ, 1894లోనే హాంప్టన్‌కు చేరింది. హోవర్డ్ తన గ్యాలరీని 1930లో తెరిచింది. ఫిస్క్‌లో ఆరన్ డగ్లస్ లైబ్రరీ గోడల మీద కుడ్యచిత్రాలు వేశాడు, తర్వాత అక్కడే ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌ను నిలబెట్టాడు. అన్నిటికంటే నాకు ముఖ్యమనిపించేది అట్లాంటా. దక్షిణాది మ్యూజియాలు నల్లవాళ్లను దగ్గరికి రానివ్వని రోజుల్లో, 1942లో, హేల్ వుడ్రఫ్ అనే చిత్రకారుడు, ఆ యూనివర్సిటీ అధ్యాపకుడు, దేశంలోని నల్లజాతి కళాకారులందరికీ ఒక వార్షిక ప్రదర్శన మొదలుపెట్టాడు. బహుమతి అంటే శాలువా కప్పి పంపడం కాదక్కడ. బహుమతి డబ్బు ఇచ్చి బొమ్మను యూనివర్సిటీ కొనుక్కునేది. అది 1970 దాకా నడిచింది. ఏడాదికి కొన్ని బొమ్మల చొప్పున, పెద్దగా డబ్బు లేని ఒక కాలేజీ, మూడు దశాబ్దాల్లో ఒక జాతి కళాచరిత్రను గోదాములో చేర్చింది. ఈ కాలేజీలు స్వర్గాలేమీ కావు. తెల్ల దాతల డబ్బు, ఆ డబ్బుతో వచ్చే పెత్తనం, కలిగిన నల్లవాళ్ల మర్యాదల గోల అన్నీ ఉన్నాయి. అయినా బొమ్మ కొని, నంబరు వేసి, దుమ్ము దులిపి దాచారు.

అట్లాంటా కథ ఇంకా వెనక్కి పోతుంది. 1900 పారిస్ ప్రపంచ ప్రదర్శనకు డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ అమెరికా నల్లవాళ్ల స్థితిగతుల మీద ఒక విభాగం సిద్ధం చేశాడు. భూమి ఎంత, చదువు ఎంత, ఆస్తి ఎంత, బానిసత్వం పోయాక ఏం మారింది అన్నీ రంగురంగుల పటాలుగా, వృత్తాలుగా, వంకర గీతలుగా. అవి ముద్రించినవి కావు. ఇంకుతో, నీటి రంగులతో చేత్తో వేసినవి. వేసినవాళ్లలో అట్లాంటా యూనివర్సిటీ విద్యార్థులున్నారు. ఇవాళ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్న ఆ పటాలను చూస్తే తర్వాతి కాలపు ఆధునిక చిత్రకళ ముందే వచ్చి కూర్చున్నట్టుంటుంది. సోషియాలజీ విద్యార్థులు పారిస్‌లో ప్రదర్శన పెట్టారు! మన సోషియాలజీ డిపార్ట్‌మెంట్లలో పవర్‌పాయింట్ దాటి ఏం వేయిస్తున్నామో అధ్యాపక మిత్రులు ఆలోచించాలి. ఈ డుబోయిస్‌కే 1946లో బాబాసాహెబ్ ఉత్తరం రాశారు. నల్లవాళ్లు ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన వినతిపత్రం ప్రతులు కావాలని అడిగారు. ఉద్యమాన్ని కాగితాలతో సహా తెప్పించుకునే అలవాటు ఆయనది.

సరే, ఇది గతం. ఇప్పటి పెద్ద పేర్లకూ దీనికీ సంబంధం ఏమిటంటారా? మార్షల్‌ను తీసుకోండి. చార్ల్స్ వైట్ 1943లో హాంప్టన్ గోడ మీద నల్లజాతి పోరాట చరిత్రను కుడ్యచిత్రంగా వేశాడు. తర్వాత లాస్ ఏంజెలెస్‌లో ఓటిస్ ఆర్ట్ స్కూల్లో పాఠాలు చెప్పాడు. అక్కడ ఆయన దగ్గర చదువుకున్నవాడు మార్షల్. నల్ల శరీరాన్ని గోధుమ రంగులోకి పలచన చేయకుండా, నలుపునే నలుపుగా, రకరకాల నల్ల రంగులు పక్కపక్కన పెట్టి గీసే మార్షల్ 2016లో షికాగోలో, ఆ తర్వాత న్యూయార్క్, లాస్ ఏంజెలెస్‌లలో, 2025లో లండన్ రాయల్ అకాడమీలో భారీ ప్రదర్శనలు చూశాడు. మన పత్రికలు వాటిని రాస్తాయి. వైట్‌కు గోడ ఇచ్చింది నల్లజాతి కాలేజీ అని మాత్రం రాయవు.

పత్రికలు ఎక్కువగా రాసేది ధర గురించి. మార్షల్ 'పాస్ట్ టైమ్స్'ను షికాగోలోని ఒక ప్రభుత్వ సంస్థ 1997లో 25,000 డాలర్లకు కొంది. 2018లో వేలంలో 2.11 కోట్ల డాలర్లకు అమ్మింది. తిరిగి అమ్మిన ధరలో చిత్రకారుడికి వాటా ఇవ్వాలనే చట్టం అమెరికా కేంద్ర ప్రభుత్వానికి లేదు. అదే ఏడాది షికాగో నగరపాలన ఇంకో అడుగు ముందుకేసింది. పశ్చిమ షికాగోలోని లెగ్లర్ పబ్లిక్ లైబ్రరీ కోసం మార్షల్ 1995లో 10,000 డాలర్లకు వేసిన 'నాలెడ్జ్ అండ్ వండర్' అనే పెద్ద చిత్రం ఉంది. పుస్తకాల ముందు నిలబడి ఆశ్చర్యంగా చూసే నల్ల పిల్లల బొమ్మ. దాన్ని వేలానికి పంపడానికి నగరం సిద్ధపడింది. కోటి డాలర్లకు పైగా వస్తుందని అంచనా. పేటవాసులు, మార్షల్ స్వయంగా గొడవ చేశాక వెనక్కి తగ్గారు. చూశారా, ధర పెరిగితే ఆ పేట పిల్లలకు వచ్చింది బొమ్మ పోయే ప్రమాదం. ఘనా యువకుడు అమోవాకో బొవాఫో బొమ్మ ఒకటి 2020 ఫిబ్రవరిలో లండన్ వేలంలో 30,000 నుంచి 50,000 పౌండ్లు వస్తుందనుకుంటే 6,75,000 పలికింది. ఆ బొమ్మ అప్పటికే ఇంకొకరి ఆస్తి. దీన్ని విముక్తి అనేవాళ్లకు భూమి రేటు పెరిగిందని కౌలు రైతును అభినందించే అలవాటు ఉండి ఉంటుంది.

బ్రిటన్ సంగతికొస్తాను. లుబైనా హిమిద్ జాంజిబార్‌లో పుట్టి ఇంగ్లండ్‌లో పెరిగిన చిత్రకారిణి. 1985 చివర్లో లండన్‌లోని ఐసీఏ అనే పేరున్న సంస్థలో ఆమె పదకొండు మంది స్త్రీలతో 'ది థిన్ బ్లాక్ లైన్' ప్రదర్శన పెట్టింది. అదే 1985 మనకు కారంచేడు సంవత్సరం. పదకొండు మందిలో సుతపా బిశ్వాస్, చీలా కుమారి బర్మన్ లాంటి దక్షిణాసియా మూలాలవాళ్లూ ఉన్నారు. అప్పటి బ్రిటన్‌లో 'బ్లాక్' అనేది రంగు పేరే కాదు, రాజకీయ పొత్తు పేరు కూడా. ఆ సంస్థ వాళ్లకిచ్చిన చోటు ప్రధాన గ్యాలరీ కాదు, జనం అటూ ఇటూ నడిచిపోయే వసారా. మన ఊళ్లలో పెళ్లికి పిలిచి పెరట్లో విస్తరి వేసినట్టు. అలా వసారాలో నిలబడినవాళ్లలో హిమిద్‌కు 2017లో 63వ ఏట టర్నర్ బహుమతి వచ్చింది. అది అందుకున్న మొదటి నల్లజాతి స్త్రీ ఆమె. 50 ఏళ్ల వయోపరిమితిని ఆ ఏడాదే ఎత్తేశారు, లేకపోతే అదీ లేదు. 2022లో అదే పదకొండు మందిలోని వెరోనికా ర్యాన్‌కు టర్నర్, సోనియా బోయ్స్‌కు వెనిస్‌లో గోల్డెన్ లయన్ దక్కాయి. బ్రిటన్ ఆలస్యంగానైనా గుర్తించిందని అందరూ రాశారు. ఆ ఆలస్యం నడిచినన్నాళ్లూ హిమిద్ ప్రెస్టన్ పట్టణంలో ఒక యూనివర్సిటీలో పాఠాలు చెబుతూ, 'మేకింగ్ హిస్టరీస్ విజిబుల్' అనే పేరుతో నల్లజాతి కళాకారుల పనిని, దాని ఆధారాలను ఒకచోట చేరుస్తూ వచ్చింది. మళ్లీ యూనివర్సిటీయే.

హిమిద్ 2004లో చేసిన 'నేమింగ్ ద మనీ' గురించి చెప్పకుండా ముందుకు పోలేను. యూరప్ రాజుల, ధనవంతుల ఇళ్లలో బానిసలుగా ఉన్న ఆఫ్రికన్లను నిలువెత్తు చెక్క బొమ్మలుగా కోసి, రంగులు వేసి, వంద మందిని గదినిండా నిలబెట్టింది. డప్పరులు, మూలికలెరిగినవాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, కుక్కలకు శిక్షణ ఇచ్చేవాళ్లు, పటాలు గీసేవాళ్లు. ఒక్కొక్కరి వీపు మీద లెక్కల పుస్తకంలోంచి చింపినట్టున్న కాగితం. దాని మీద ఆ మనిషి అసలు పేరు, యజమాని పెట్టిన పేరు, చేసే పని. ప్రేక్షకులు ఆ గుంపులోకి నడిచి, వెనక్కి వెళ్లి చదవాలి. దొర నోట్లో పోచయ్య పోచిగాడు కావడం, ఎల్లమ్మ ఎల్లి కావడం విన్నవాళ్లకు ఆ కాగితం చదవడానికి సిద్ధాంతం అక్కర్లేదు. మన దగ్గర చెప్పులు కుట్టే మనిషి బొమ్మ గ్యాలరీలో లేకపోలేదు. ఆ మనిషి పేరే ఉండదు.

ఆఫ్రికాలో కథ ఇంకా స్పష్టం. సీసా మూతలను రాగి తీగతో కలిపి గోడంత లోహపు వస్త్రాలు చేసే ఎల్ అనాట్సుయికి 2015లో వెనిస్‌లో జీవిత సాఫల్య గోల్డెన్ లయన్ ఇచ్చారు. ఆయన ఘనాలో పుట్టి 1975 నుంచి దశాబ్దాల పాటు నైజీరియాలోని న్సుక్కా యూనివర్సిటీలో మేష్టారు. మహామా కుమాసిలోని సాంకేతిక విశ్వవిద్యాలయం విద్యార్థి. అక్కడి పెయింటింగ్, శిల్పకళ విభాగంలో కరికచా సెయ్‌దూ అనే అధ్యాపకుడు, ఆయన సహచరులు బ్లాక్‌స్టార్‌లైన్స్ అనే బృందాన్ని కట్టారు. గ్యాలరీలు తక్కువ ఉన్న దేశంలో గ్యాలరీ కోసం ఎదురుచూడకుండా విద్యార్థులను బజార్లలోకి, స్టేషన్లలోకి పంపారు. 2015లో అక్రాలో పెట్టిన పెద్ద ప్రదర్శన పేరే 'ద గౌన్ మస్ట్ గో టు టౌన్', పట్టా పుచ్చుకున్న గౌను ఊళ్లోకి నడవాలని. కోకో మోసిన గోనెసంచులను మహామా బజారులో సేకరించి, పని వెతుక్కుంటూ వచ్చిన వాళ్లచేత కుట్టించి, భవనాలకు కప్పుతాడు. ఆ సంచులు ఆసియాలో నేసినవి, వాటి మీద హమాలీల చెమట మరకలు అలాగే ఉంటాయి. దాని మీద వచ్చిన డబ్బుతో సొంత ఊరు తమాలెలో 2019లో ఒక కళాకేంద్రం, ఆ తర్వాత రెడ్ క్లే అనే విశాలమైన ప్రాంగణం కట్టాడు. పాత విమానాలు తెచ్చిపెట్టి వాటిలో బడిపిల్లలకు తరగతులు నడుపుతున్నాడు. బొవాఫో కూడా అక్రాలో యువ చిత్రకారులకు చోటు కట్టాడు. వేలం వాళ్లకంటే ముందు వీళ్లకు అర్థమైంది, గోడ సొంతం కావాలని.

ఇక మన దేశంలో ఈ కళాకారులను మోసుకు తిరిగే సవర్ణ కళాలోకం. దీనికి ఆఫ్రికా అంటే ప్రాణం. డీకలోనియల్ అనే మాట లేకుండా క్యాటలాగ్ రాయదు. ఒక సెమినార్‌లో అనాట్సుయి మీద గంటసేపు చక్కగా మాట్లాడిన ఒక క్యూరేటర్‌ని, మరి మన దళిత కళాకారుల సంగతేమిటని అడిగాను. "అదెక్కువగా ఫోక్ కదండీ, క్రాఫ్ట్స్ మ్యూజియం వాళ్లు చూసుకుంటారు" అన్నారు. కెంటె నేతను గుర్తుచేసే సీసా మూతలు సమకాలీన కళ. జాంబపురాణం చెప్పేటప్పుడు డక్కలివాళ్లు విప్పే పటం మాత్రం చేతిపని. అక్కడ తెల్ల క్యూరేటర్ నల్ల చిత్రకారుణ్ని ఆదిమం అన్నాడని మండిపడే నోరే ఇక్కడ ఫోక్ అంటుంది. పెద్ద బొట్టు, మెరిసే చీర కట్టిన పల్లె కూలి ఆడవాళ్లు మాత్రం హైదరాబాద్ డ్రాయింగ్ రూముల్లో కావలసినన్ని వేలాడుతున్నారు. సవి సావర్కర్ నాగపూర్‌లో పుట్టి, బరోడాలో చదివి, మెడలో ముంత, నడుముకు చీపురు కట్టిన మనుషులను దశాబ్దాలుగా గీస్తున్నారు. కేరళ దళిత కళాకారుడు సజన్ మణికి 2021లో బెర్లిన్ ఆర్ట్ ప్రైజ్ వచ్చింది. బెర్లిన్‌లో వచ్చిందని గమనించండి.

అయితే సవర్ణ గ్యాలరీలను తిట్టి ఊరుకోవడానికి నేను ఇంత దూరం రాయలేదు. వాళ్లు చేయాల్సింది వాళ్లు చేయరు, తెలిసిందే. మన చేతిలో ఉన్న చోట్ల మనమేం చేస్తున్నాం? కారంచేడు, చుండూరు ఉద్యమాల పోస్టర్లు, 1994 నుంచి దండోరా సభల బ్యానర్లు, గోడల మీది బొమ్మల ఫొటోలు ఏ యూనివర్సిటీ లైబ్రరీలో నంబరు వేసి ఉన్నాయి? 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో వెలివేసిన విద్యార్థులు వేసిన వెలివాడ, నా దృష్టిలో ఈ శతాబ్దంలో మన భాషా ప్రాంతంలో జరిగిన అతి ముఖ్యమైన ప్రదర్శన. ఆ ఫ్లెక్సీలు, రోహిత్ మీద దేశమంతా గీసిన బొమ్మలు ఎవరి దగ్గరున్నాయి? ఫోన్లలో, పాత ల్యాప్‌టాప్‌లలో ఉంటే అవి ఉన్నట్టు కాదు. హైదరాబాద్‌లో 2023లో, విజయవాడలో 2024లో బాబాసాహెబ్ 125 అడుగుల విగ్రహాలు లేచాయి. మంచిదే. వాటి మీద ఖర్చయిన దానిలో ఒక రవ్వ పెట్టినా మన చిత్రకారుల పని కొని దాచే గదులు ప్రతి యూనివర్సిటీలో వచ్చేవి.

హైదరాబాద్ ఏసీ గార్డ్స్ పేరులో ఉన్నది ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వికదళం. భారతదేశంలో ఆఫ్రికన్ల చరిత్ర మీద 2013లో ఒక మంచి ప్రదర్శన తయారైంది. ఎక్కడనుకున్నారు? హార్లెమ్‌లోని షోంబర్గ్ సెంటర్లో. నల్లవాళ్ల చరిత్ర కాగితాలను ఏరి ఏరి పోగుచేసిన ఆర్తురో షోంబర్గ్ సేకరణ 1926లో ఆ లైబ్రరీకి చేరింది, ఆ పునాది మీద నిలబడ్డ సంస్థ అది. మన దేశపు సిద్దీల గురించి వాళ్లు ప్రదర్శన పెట్టగలిగారంటే కారణం ఆ పోగుచేసే అలవాటే.

దీనికి ఒక అభ్యంతరం వస్తుంది, విద్యార్థుల నుంచే వస్తుంది. విడిగా దాచుకుంటే మన కళ మనవాడలోనే ఉండిపోదా అని. అట్లాంటా గోదాములోని బొమ్మలు మెట్ గోడ దాకా వెళ్లాయి, అదీ అరువుగా, తిరిగి తమ ఇంటికి వచ్చే షరతు మీద. విడిగా దాచనివి ఎక్కడికీ వెళ్లలేదు. డబ్బు గురించిన భయం మాత్రం న్యాయమైనదే. ఫిస్క్ యూనివర్సిటీకి 1949లో చేరిన గొప్ప స్టీగ్లిట్జ్ సేకరణలో సగం వాటాను, డబ్బు చాలక, 2012లో వాల్‌మార్ట్ కుటుంబపు మ్యూజియానికి 3 కోట్ల డాలర్లకు ఇవ్వాల్సి వచ్చింది. ఇప్పుడా బొమ్మలు రెండేళ్లు ఇక్కడ, రెండేళ్లు అక్కడ ఉంటాయి. సొంత గోడకు సొంత నిధి కూడా కావాలి. మనకు 2013 నాటి సబ్‌ప్లాన్ చట్టం ఉంది, దానికింద ఏటా లెక్కలు రాసే నిధులున్నాయి, అవి ఎటు మళ్లుతున్నాయో ఈ పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు. అందులోంచి కళాఖండాల కొనుగోలు పద్దు ఒకటి అడగడానికి ఏ విద్యార్థి సంఘానికైనా ఒక వినతిపత్రం చాలు.

పద్దు వచ్చేలోగా కూడా పని ఆగనక్కర్లేదు. యూనివర్సిటీల్లోని అంబేద్కర్ అధ్యయన కేంద్రాలు ఒక సెమినార్ ఫ్లెక్సీకి, శాలువాలకు పెట్టే ఖర్చుతో మన విద్యార్థి గీసిన బొమ్మ ఒకటి కొనొచ్చు. ఉచితంగా తీసుకోకూడదు, కొనాలి. కొని, ఒక రిజిస్టరు తెరిచి అందులో గీసినవాళ్ల పూర్తి పేరు, ఊరు, తేదీ, ఇచ్చిన ధర రాసి, తేమ తగలని బీరువాలో పెట్టాలి.